రవ్వలు రాని మంట

ముందుగాల ఆ కూలర్ బంజెయ్యి, శ్యామల బాపూ.

బంజెయ్యిమన్ననా. ఏందీ, ఉడుకపోస్తదా? పొయ్యనీ. మస్కట్ ఎండ మింగి వచ్చిండు నా కొడుకు అని మీ అవ్వ వాడకట్టంత చెప్పుకుంటది. గీ రేకుల షెడ్డు నీకొక లెక్కనా?

అసలు ఎందుకు బంజెయ్యమంటున్ననో తెలుసా నీకు?

ఊఁ. గదే. తెల్వది.

కూసో. ఆ ముక్కల మీద కాదు, గుచ్చుకుంటయి. గా స్టూలు గుంజుకో. షటర్ నువ్వే దించుకున్నవు, నేను వెనుక తలుపుకేంచి వచ్చిన. ఎవ్వలు చూడలే. మీ బావ కొమురెల్లన్న పందిరి కింద కుర్చీల కూసున్నడు. నేను ఛాయ పోసి ఇచ్చిన, అది తాగిండు, మీ అవ్వ మల్ల పోసింది, అదీ తాగుతుండు. "మా బామ్మర్ది పని చేస్తుంటె ఒక్కసారి కండ్లార చూడాలె, మస్కట్ చెయ్యి ఎట్లుంటదో" అంటుండు. నవ్వుకుంటనే అంటుండు. బావ బామ్మర్దుల ఎక్కిరింతలు ఎప్పుడుండేటియే గని, ఇయ్యాల ఆయన నవ్వుకు మొన ఉన్నది.

ఉండదా మరి? ఎల్లుండి వాళ్ల కొత్త ఇంటి పండుగ. ఇంటికి రంగులు పడ్డయి, దర్వాజకు గడప పూజ అయింది, సుట్టాలకు చెప్పుడయింది. మెట్ల పక్కన రేలింగ్ ఒక్కటి లేదు. ఎవ్వలన్న తాగి మెట్ల మీదికేంచి పడ్తె పండుగ పండుగ లెక్కుండదు.

రేలింగ్ ఇంకెవ్వలతోని చేపియ్యకు బావా, నా చేతితోనె చేస్త అని ఫోన్ల మాటిచ్చింది నువ్వు. అక్క ఇంటికి తమ్ముడు చీర పెడ్తడు, నేను చీరతోని పాటు రేలింగ్ పెడ్త అన్నవు. వదినె ఏడ్చినంత పని చేసింది సంతోషానికి. కొమురెల్లన్న స్టీలు పైపులు కొలతకు కోపిచ్చి, నిలువుది ఏది అడ్డంది ఏది అని గుర్తులు పెట్టి, ట్రాలీ ఆటోల తెచ్చి ఈ షెడ్డుల దించి పోయిండు. నువ్వు దిగిన కాన్నుంచి ఆయన అడుగుడు, నువ్వు "అయితాంది బావా" అనుడు.

ఏమైతాంది?

మొదలు మిషిన్‌కు గ్యాస్ లేదంటివి. గ్యాస్ బండ నిండుగున్నది అని నేనంటె, కరెంటు గుంజుతలేదు, వరికి మోటర్లు నడుస్తున్నయి అంటివి. కోతలైపోయి, ఒడ్లమ్ముడు గూడ అయిపోయె. ఎవ్వల మోటరయ్యా నడిచేది, ఎండిన మడికి? తర్వాత ఊరి నీళ్లు పడలేదంటివి, ఒళ్లు వేడి చేసిందంటివి. ఇయ్యాల ఇగ ఏ సాకు దొరకక షటర్ దించుకొని మిషిన్ ముంగట నిలబడ్డవు, మొక్కు మర్చిపోయినోని లెక్క.

నేను కిటికీలకేంచి చూసిన. ఆ వెల్డింగ్ టార్చిని ఊదుబత్తి పట్టుకున్నట్టు పట్టుకున్నవు.

కోపమొస్తాందా? రానీ. జర చిన్నగ కోపం చెయ్యి, షటర్ రేకుది, మాట బయటికి పోతది.

నేనేమన్న పెద్ద పండితురాలినా అంటవా? కాదు. బీడీలు చేసేదాన్ని. నా కథ విను మొదలు, నవ్వుకుందువు గని. నీకు గుడ జర సేపు నవ్వేతందుకు ఏమన్న దొరకాలె గదా.

గీ నీలం డబ్బ నువ్వు పోయినసారి కార్గోల ఏసినవు. సబ్బులు, సెంట్లు, సింహం బొమ్మ దుప్పటి, బాదంలు, వాటి నడుమ టిగ్ మిషిన్, గ్యాస్ పెట్టి స్టీలు అతికే వెల్డింగుది. దాని వెనుకనె నువ్వు సెలవుకు వచ్చినవు. "దుకాణం పెడుదాం కోమలా. పెద్దపల్లి దాక ఎవ్వని దగ్గర లేదు గిసొంటిది. వచ్చే ఏడు వచ్చి ఇగ మల్ల పోను" అన్నవు. కారుకని కట్టిచ్చిన షెడ్డు, కారు రాలే, మిషిన్ వచ్చింది. దసరకు మీ అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు లోపటికి పోతయని నేను సింహం దుప్పటి కప్పిన. నువ్వు ఉన్నన్ని రోజులు ఆ దుప్పటి తియ్యలే. నేనేమనుకున్ననంటె, పాపం, అక్కడ ఏడాదంత గదే పని, సెలవులల్ల గుడ ఎందుకు చేస్తడు అనుకున్న.

గంత తెలివి నాది.

నువ్వు పోయినంక నాకొక ఆలోచన వచ్చింది. రేపు దుకాణం పెట్టినంక మొగడు పని చేస్తుంటె పెండ్లాం పక్కపొంటి నిలబడి అతుకుల కరిగే రాడు అందియ్యాలె గదా. ఏ రాడు ఏందో తెల్వకుంటె వచ్చినోళ్ల ముంగట నీ ఇజ్జత్ పోతది గదా. అందుకె నేర్చుకున్న. నీ ఇజ్జత్ కోసం. నవ్వొస్తలేదా? నాకైతె ఆగకుంట వస్తది.

ఫోన్ల వీడియోలల్ల ఒక సర్దార్జీ చెప్తడు. పొద్దుగాల బీడీల కట్టలు ఇచ్చి వచ్చి, షటర్ దించి, ఆయనను డబ్బ మీద నిలబెట్టి షురూ చేసేది. పైపు మీద చమురు, చేతి మరక ఏమున్నా అతుకు నిలబడదట, ముందుగాల సఫాయి అంటడు. తుడిచే మందు ఇక్కడ దొరకది. మన శ్యామల హాస్టల్‌కు పోయేటప్పుడు గోర్ల రంగు తుడిచే సీస ఇడిచిపెట్టి పోయింది. దాంతోని తుడిచిన. వదినె వాళ్ల రేలింగ్ జర వాసన చూడు, పెండ్లిపిల్ల వాసన వస్తది.

ఆఁ... రేలింగ్ సంగతి వెనుక చెప్త. ఆగు.

మొదటిరోజు ఏమైందంటె, కుడిచేతిల టార్చి, ఎడమచేతిల రాడు. మరి నల్లద్దం హెల్మెట్ ఎవ్వలు దించాలె? తల ఊపి దించుకుంటరట, నాకెట్ల తెలుస్తది. కండ్లు మూసుకుంటె అయిపాయె గదా అని మూసుకొని ముట్టించిన. ముట్టిందా లేదా అని నడుమ నడుమ తెరిచి చూసిన, ఆ వెలుగు గంత కొడ్తదని తెల్వకపాయె. పొద్దుమీకంగ మొదలైంది, కండ్లల్ల కారం పోసి ఇసుక రుద్దినట్టు. తెల్లారి లేచేవరకు కండ్లు ఎర్రమిరపకాయలు. నీళ్లు ఆగుతలేవు.

పక్కింటి పోచవ్వత్త వచ్చింది. చూసింది. నా తల నిమిరి, "ఏడ్వకు బిడ్డా, అందరు పోయిండ్రు, నీ మొగడొక్కడే పోయిండా, వస్తడు తీ" అన్నది. కాదత్తా, మిషిన్ కొట్టింది అంటె నమ్మలే. మొగడు మస్కట్‌ల ఉన్నదాని కండ్లు ఎర్రగైతె ఇంకో కారణం ఉండద్దు గావచ్చు. కీర ముక్కలు పెట్టి, పక్కన కూసుండి నీ గుణగణాలు చెప్పింది. ఎంత మంచోడో అని. నేను కండ్ల మీద కీర పెట్టుకొని అన్నిటికి ఊఁ కొట్టిన.

తర్వాత పని సంగతి. పైపు పలుచన. ముట్టిస్తె బొక్క. ఎక్కువ సేపు పెడ్తె పెద్ద బొక్క. బొక్క పూడుద్దామని రాడు పెడ్తె కోడి రెట్ట. ఆ సూది ఉంటది చూడు టార్చి కొసకు, అది తాకీ తాకనట్టు పైన నిలబడాలె. నాది పోయి కరిగిన దాంట్ల మునుగుడు. తీసుడు, సాన పట్టుడు, మల్ల మునుగుడు. నేను చేసిన మొదటి అతుకు చూసి సర్దార్జీ ఫోన్ల నుంచి దిగి పోతడనుకున్న.

గని ఎడమచెయ్యి మాత్రం మాట విన్నది. రాడును వేళ్ల సందునుంచి కొంచెం కొంచెం ముంగటికి జరుపాలె. తునికాకు చుట్టి చుట్టి నా వేళ్లకు ఆ జరుపుడు వచ్చు. సర్దార్జీ నెలలు పడ్తది అన్నది నాకు ఒక్క పూటల వచ్చింది. ఆనాడు నాకు ఎంత గర్వమంటె, బియ్యం కడిగి నీళ్లు మర్చిపోయి పొయ్యి మీద పెట్టిన.

ఇగ అసలు పరేషాన్ అప్పుడు మొదలైంది. అతుకు మీద బొక్కలు. దోశె మీద లేస్తయి చూడు, గట్ల. సూది నల్లగ. ఎన్నిసార్లు సాన పట్టినా నల్లగ. గప్పుడు నేను నీకు ఫోన్ చేసిన, యాదికున్నదా? నేను నేర్చుకుంటున్న అని చెప్పలే. నువ్వు వచ్చినంక ఒక్కసారే చూపెట్టి నిన్ను గాబరా చెయ్యాలెనని నా ఆశ. మంథనిల వెల్డింగ్ చేసే రాజం అడుగుతుండు అని చెప్పిన. "రాజం కొత్తగ టిగ్ తెచ్చుకున్నడట, అతుకంత బొక్కలు వస్తున్నయట, నిన్ను అడుగుమన్నడు" అన్న.

నువ్వు గొంతు మార్చినవు. ఏం గొంతయ్యా అది. "గా రాజానికి చెప్పు, వాని రాడ్లు డూప్లికేట్. గ్యాస్ గుడ డూప్లికేటే గావచ్చు. మస్కట్‌ల గిట్లుండది" అన్నవు.

నేను నమ్మిన. ఎవ్వలు నమ్మరు? రాడ్లు మార్చిన. కరీంనగర్ గ్యాస్ దుకాణమాయనతోని లొల్లి పెట్టుకున్న. నిండు బండ వాపస్ చేసి ఇంకోటి తెప్పిచ్చుకున్న. "మా ఆయన మస్కట్‌ల టిగ్ వెల్డరు, నాకు చెప్తవా నువ్వు" అన్న ఆయనను. ఆ మాట అంటుంటె గొంతుల తేనె పోసినట్టున్నది. ఆయన పాపం చిన్నగ ఏదో చెప్పబోయిండు, చెప్పనియ్యలే.

బొక్కలు పోలే.

ఒకనాడు కూలర్ మోటరు కాలిపోయింది. ఎండకాలం, ఈ షెడ్డుల కూలర్ లేకుంటె అప్పడం లెక్క కాలుతం. ఇయ్యాల వద్దులే అనుకున్న. అనుకుంటనే ఎందుకో ముట్టించిన. చెమటలు హెల్మెట్ల కారి గదుమ కాడికేంచి పడుతున్నయి. అతుకు మెరిసింది. వెండి లెక్క. ఒక్క బొక్క లేదు. సకినం చుట్టినట్టు, మెలిక మీద మెలిక.

కూలర్ గాలికి గ్యాస్ కొట్టుకపోయింది ఇన్ని రోజులు. గంతె. టార్చికేంచి వచ్చే గ్యాస్ ఆ కరుగుడు మీద దుప్పటి లెక్క కప్పుకోవాలె. గాలి పెడ్తె దుప్పటి లేస్తది. కూలర్ పెడ్తె అతుకు పోతది, పెట్టకుంటె మనిషి పోతడు. గీ ఊర్లె టిగ్ అంటె గిదీ సంగతి.

అప్పుడన్న నాకు అనుమానం రావాలె గదా? రాలే. ఏమనుకున్ననో చెప్పనా? ఆయనది పెద్ద కంపెనీ, ఏసీల నడుమ పని, కూలర్ గాలి ఆయనకెట్ల తెలుస్తది అనుకున్న. నీ దిక్కు వకీలును నేనే. ఫీజు లేకుంట.

మరి ఎప్పుడు తెలిసిందంటవా?

మీ అవ్వ ఫోన్ల నీ వీడియో ఉన్నది చూడు. ఒంటినిండ డ్రెస్సు, మొఖానికి అద్దం, చేతిల ఏదో పట్టుకొని, రవ్వలు ఇంతెత్తు లేస్తుంటె "అవ్వా, చూడు, టిగ్ కొడుతున్న" అని నువ్వు పంపినవు. గది చూపెట్టని మనిషి లేదు మీ అవ్వ. పాలాయనకు చూపెట్టింది. మందులిచ్చే ఆశా పిల్లకు చూపెట్టింది. కొమురెల్లన్నకు చూపెడితె ఆయన, "మా బామ్మర్ది చేతిల దీపావళి ఉన్నదిరా" అన్నడు. నేను గుడ ఎన్నిసార్లు చూసిన్నో. రవ్వల నడుమ నీ మొఖం ఎంత మంచిగుంటదో.

కూలర్ మల్ల బాగు చేపిచ్చినంక కొన్నాళ్లకు, మీ అవ్వ మంచంల కూసోని మల్ల పెట్టింది. "చూడు కోమలా, నా కొడుకు చేతిల దీపావళి" అన్నది. చూసిన.

చూసిన గని ఈసారి చేతికి పని తెలుసు.

రవ్వలేంది దాంట్ల?

టిగ్‌కు రవ్వలు ఉండయి గదా, శ్యామల బాపూ. దీపం లెక్క ఉన్న కాడనె ఉండి వెలుగుతది. సప్పుడు గుడ ఉండది, చెవి దగ్గర పెడ్తె సన్నగ బుస్సు, గంతె. నీ వీడియోల గుర్రుమని మోత. నీ మొఖం మీద అద్దం తెల్లగున్నది. తెల్లద్దంతోని టిగ్ చేస్తె కండ్లు ఏమైతయో నాకు తెలుసు, పోచవ్వత్త కీర ముక్కలకు తెలుసు.

గ్రైండర్ అది. ఎవ్వలో పెట్టిన అతుకును నువ్వు రుద్దుతున్నవు.

నేనేమనలే. "మంచిగున్నదత్తా" అన్న. పోయి పొయ్యి మీది కూర చూసుకున్న. మాడింది.

ఏమన్నవు? గట్టిగ చెప్పు... గ్రైండింగ్ గుడ పనే అంటవా? పనే. ఎవ్వలు కాదన్నరు? నేను బీడీలు చేసినదాన్ని, నాకు చెప్తవా ఏది పనో? ఆ ఎండల, ఆ దుమ్ముల, పొద్దందాక గంత బరువు మిషిన్ పట్టుకొని నిలబడుడు నాతోని అయితదా? కాదు. నువ్వు పంపినదానితోనె గీ ఇల్లు లేచింది, గీ షెడ్డు లేచింది, శ్యామల చదువుతాంది. ఆ రవ్వలతోనె.

మరి టిగ్ అని ఎందుకు చెప్పినవు?

చెప్పు. ఇక్కడ ఎవ్వలు లేరు, నేను, సింహం దుప్పటి.

ఊఁ...

టెస్టుల తప్పినవా? మొదటి రోజే?

...ఊఁ. మరి హెల్పర్‌గ పెట్టుకున్నరు. అవ్వ ఫోన్ చేసి టిగ్ పనే ఇచ్చిండ్రా బిడ్డా అని అడిగింది, ఇచ్చిండ్రవ్వా అన్నవు. ఒక్క మాట. సరే. అవ్వతోని అన్నవు. అవ్వ సంతోషపడ్డది, మంచిదే. నాతోని ఎందుకన్నవు? ఇంటికి మిషిన్ ఎందుకు కొన్నవు? దుకాణం అని ఎందుకు చెప్పినవు? ఏ మూల బోర్డు పెడుదామని గుడ చూసుకున్నం గదా మనం, సిమెంట్ గోడ మీద సుద్దతోని గీసినవు నువ్వు. ఆ గీత ఇంక పోలే, అగో, ఉన్నది.

నేనొకటి కనిపెట్టిన. నవ్వద్దు. సెలవు ముగిసేటప్పుడల్ల "ఈ ఒక్క ఏడు" అంటవు చూడు. నేను శ్యామల చదువు కోసం అనుకున్న, ఇల్లు కోసం అనుకున్న. కాదు. ఇక్కడ ఉంటె మిషిన్ మీది దుప్పటి తియ్యాలె. అక్కడ ఉంటెనె నువ్వు టిగ్ వెల్డరువు. గందుకు విమానం ఎక్కుతున్నవు. నువ్వు ఎక్కుతుంటె నేను బస్టాండ్‌ల చెయ్యి ఊపుకుంట, మా ఆయన మా కోసం పోతుండు అని ఏడ్చిన. గా కన్నీళ్లు వాపస్ ఇయ్యి.

ఊకె అన్న. ఏడ్వకు. మొగోడివి ఏడిస్తె నాకు ఏం చెయ్యాల్నో తెల్వది.

నేర్చుకుంట అంటవా? నేర్చుకుందువు. నీ చెయ్యి ఇటు పెట్టు. పెట్టు... గిది ఎప్పటిసంది?

దిగిననాడు ఛాయ గ్లాసును రెండు చేతులతోని పట్టుకున్నవు. చలా ఏంది, మే నెలల? అన్నం కలుపుతుంటె మెతుకులు పళ్లెం బయట పడ్డయి. ఇంట్ల బనీనే ఏసుకుంటున్నవు, ఎండ అంటున్నవు. అంగి గుండీలు పెట్టుకోరాక. నాకు తెల్వదా? అంత మోత మిషిన్ పట్టీ పట్టీ వేళ్లల్ల నెత్తురు పోయింది. వేళ్ల కొసలు తెల్లగ, సున్నం పెట్టినట్టు. గీ చేతితోని ఆ సూదిని తాకీ తాకనట్టు ఎట్ల నిలబెడ్తవు?

అబద్ధం నువ్వు చెప్పినవు. గని అబద్ధమైనా నిజం చేసుకుందామంటె గీ చెయ్యి ఉండకపాయె. నేను ఎవ్వల మీద కోపం చెయ్యాలె, చెప్పు? నువ్వు సెలవుకు వచ్చేవరకు దాచిపెట్టుకున్న కోపం. మస్తు కోపం. ఇప్పుడు నీ వేళ్లు చూసి ఎటు పెట్టాల్నో తెలుస్తలేదు.

సరే, తీ.

ఏందీ? కొమురెల్లన్నకు చెప్పి రాజంతోని చేపియ్యమంటవా? కాళ్లు మొక్కుతవా ఆయనవి? ఎల్లుండి పండుగ, రాజం రేపు ఒక్కనాడుల చేస్తడా? చేసిండే అనుకో, ఎవ్వలు చేసిండ్రని సుట్టాలు అడుగరా? వదినె మొఖం ఎక్కడ పెట్టుకుంటది?

గది అట్లుండనీ. నేనొకటి అడుగుత, నిజం చెప్పు. కొమురెల్లన్న దించిపోయిన పైపులు ఏవి?

చూడు. ఇప్పుడు చూస్తున్నవా? షెడ్డంత చూడు. ఉన్నయా? గీ పొడుగు పైపులు మాయమై ఎన్ని రోజులాయె, "అయితాంది బావా" అన్నోనికి పైపులు లేవని తెల్వదు. నువ్వు లోపటికి రాకపోతివి, దొంగ గుడ రాడనుకున్నవు.

వెనుక అర్రల ఉన్నయి, ఒడ్ల బస్తాల వెనుక. రా. తలకాయ వంచు, దూలం తాకుతది. తియ్యి వాటి మీది దుప్పటి.

తియ్యరాదా.

నువ్వు దావత్‌లకు పోయినప్పుడల్ల చేసిన. మస్కట్ నుంచి వచ్చినోన్ని ఎవ్వలు ఊకె ఉండనియ్యరు గదా, ఒకలు కోడి కోస్తరు, ఒకలు యాట కూరకు పిలుస్తరు. నువ్వు అటు పోయి మస్కట్ ముచ్చట్లు చెప్తుంటె, నేను ఇటు షటర్ దించుకున్న. మీ అవ్వ గోడ అవతల పండుకున్నది. సప్పుడు లేదు, రవ్వ లేదు, ఎవ్వలకు తెలుస్తది? గిసొంటి పని ఇంకోటి లేదు, మొగడు ఇంట్ల ఉండంగనె దొంగతనంగ చెయ్యనీకి.

చూడు. వేలు పెట్టి చూడు. కాలది, ఎప్పుడో చల్లగైంది.

ఏం వెతుకుతున్నవు? ఎక్కడ రుద్దాల్నో చూస్తున్నవా? నీ బుద్ధి ఎటు పోతది. రుద్దేది లేదు. వీటిని గిట్లనె ఇస్తం. నా మెలికలు కనబడాలె. మెట్లు ఎక్కుకుంట ఎవ్వలన్న చెయ్యి పెడ్తె చేతికి తెల్వాలె. చూసినోళ్లు, సదానందం పని అంటె గిది అంటరు. అననీ.

నాకు పేరు వద్దా అంటవా? వద్దని ఎవ్వలు చెప్పిండ్రు? కావాలె. ఎంత కావాల్నంటె, పొద్దుగాల ఛాయ పోసుకుంట నోటిదాక వచ్చింది. అన్నా, రేలింగ్ చేసింది నేను, మీ బామ్మర్దికి కూలర్ ఎందుకు బంజెయ్యాల్నో గుడ తెల్వది అని. మీ అవ్వ ముంగటనె చెప్తామనుకున్న. గ్లాసు చేతికిచ్చి, "చక్కెర సరిపోయిందా అన్నా" అని వచ్చిన.

చెప్తె ఏమైతది? కొమురెల్లన్న పండుగల నలుగురి నడుమ నవ్విస్తడు. నువ్వు తెల్లారి టికెట్ ముంగటికి జరిపిచ్చుకుంటవు. పోతవు. అక్కడ ఇంకో ఏడు రుద్దుతవు. ఆ వేళ్లు ఇంక తెల్లగైతయి. నాకు పేరు ఉంటది, గీ మిషిన్ ఉంటది, సర్దార్జీ ఉంటడు.

చెప్పకున్నా పోతవేమో. అది నాకు తెల్వది. గ్యాస్ ఎంత ఇడువాలెనో సర్దార్జీ చెప్తడు గని గీ సంగతి చెప్పడు.

ఆగు. ఇన్నవా?

"బామ్మర్దీ, లోపట ఉన్నవా, పండుకున్నవారా? రవ్వ కనబడ్తలేదు. దీపావళి ఎప్పుడు?" అంటుండు. కుర్చీ జరిపిండు. షటర్ కింద సందు దిక్కె చూస్తుండు.

లేవకు. నేను చెప్త విను. గీ దొడ్డు పైపు, గీ నిలువుది, గిదొక్క అతుకే మిగిలింది. ఇయ్యాల పొద్దుగాల పెడుదామనుకున్న, నువ్వొచ్చి షటర్ దించుకున్నవు. దీన్ని షెడ్డులకు తెచ్చి ఆ మూలకు పట్టు. ఆఁ. అక్కడ పెట్టు. నేను మూలకు కూసోని ముట్టిస్త.

నువ్వు గ్రైండర్ తీసుకో. అగో, సంచిల ఉన్నది. గా పాత ఇనుప ముక్క ఉన్నది చూడు, విరిగిన నాగలి కర్రు, అది తీసుకో. షటర్ దిక్కు మలుపుకొని కొట్టు. రవ్వలు కింది సందుకేంచి పందిరి దాక పోవాలె. ఆయన వీడియోల చూసింది గదే, నమ్ముతడు. ఆయనకు తెల్వదు, మీ అవ్వకు తెల్వదు, ఊరికి తెల్వదు. అందరు రవ్వలనే టిగ్ అనుకుంటున్నరు, ఒక్కదాన్ని నేను తెలుసుకొని ఏం బాగుపడ్డ?

సప్పుడు గట్టిగ రానీ. నీ మోతల నా అతుకు అయిపోతది.

తర్వాత షటర్ లేపి నువ్వే మోసుకపో. చెమట తుడుచుకోకు, చెమట ఉంటె బాగుంటది. ఎవ్వలన్న నా కండ్లు ఎర్రగెందుకున్నయంటె, మొగడు వచ్చిండని సంతోషానికి ఏడ్చింది అను. పోచవ్వత్త సాక్ష్యం చెప్తది.

రేపటి సంది టార్చి పట్టుడు నేర్పుత. చెయ్యి వణికితె రెండో చెయ్యి కింద ఆధారం పెట్టుకుంటరట, సర్దార్జీ చెప్పిండు. నేర్పుత, నువ్వు ఉంటె.

ఏమనకు. ఇప్పుడేం మాటియ్యకు. నువ్వు మాటిస్తె నాకు బుగులు.

ప్లగ్ పెట్టు. పట్టు.

...చూడు. గ్రైండర్ పట్టంగనె వణుకుడు బందైంది. మిషిన్ ఇంక తిరుగనే లేదు, చెయ్యి రాయి లెక్క నిలబడ్డది. గిట్ల నిలబడుతదా నీ చెయ్యి? ఇన్నేండ్లల్ల నీ పని నేను గిప్పుడు చూస్తున్న, మొదటిసారి.

కొట్టు ఇగ. బావ ఎదురుచూస్తుండు.

ఆగాగు. అద్దాలు ఏవి? అద్దాలు పెట్టుకో, రవ్వలు కండ్లల్ల పడ్తయి. గదన్న నీకు నేను చెప్పాల్నా?